నలభై ఏడో ట్యూబు

అరవై తొమ్మిది, డెబ్బై. ఆయన ట్యూబు మార్చాడు. నిండినదానికి మూత పెట్టి, చీటీ మీద పెన్సిల్‌తో అంకె వేసి, మంచుపెట్టెలో దించాడు. ప్రయోగశాలలోని ఈ చలిగది చెమ్మకు సిరా నిలవదు. చుక్కలు లెక్కపెట్టే యంత్రం మూలపడి రెండేళ్లయినా ఎవరికీ పట్టలేదు, ఆయన ఉన్నాడు కదా. విద్యార్థులు ఆయన్ని చుక్కల తాత అంటారు.

పొద్దున భార్య అడ్డుపడింది. "ఛాతీ పట్టేసిందన్నారు. ఇవాళైనా మానెయ్యండి."

"క్లోమం రోజూ దొరుకుతుందా? పోయినవాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకోవాలి కదే."

"ఇంట్లో కుళాయి కారినా పెదాలు కదుపుతారు. మీతో ఎలా వేగను" అంటూనే స్వెటర్ అందించింది.

క్లోమగ్రంథిలో జీర్ణరసాలు నిద్రలోనే పుడతాయి. పేగులోకి చేరాకే మేలుకోవాలి. గ్రంథిని నూరి తీసిన రసం నిలువెత్తు గాజు కాలమ్‌లోంచి దిగుతుంటే అవి వేటికవి విడిపోతాయి. చలి తగ్గినా, చెయ్యి ఆలస్యమైనా ఒకటి కళ్లు తెరిచి తక్కినవాటిని లేపుతుంది. అప్పుడవి ఒకదాన్నొకటి తినేస్తాయి. పోయిన రెండు గ్రంథులూ అలాగే మట్టిపాలయ్యాయి.

"మీకు కునుకు పట్టిందేమో" అంది అప్పుడు ప్రయోగశాల నడిపే మేడం, మెల్లగానే. ఆమెది ఆయన కూతురి ఈడు. ఈసారీ పాడైతే స్టోర్‌రూమ్‌కి తోసేస్తారు. అంతకంటే ఆ కునుకు మాటే ముల్లులా గుచ్చుకుంటోంది.

నలభై దాటాక అసలు సరుకు దిగసాగింది. కాళ్లు కొయ్యబారాయి. ఎడమ భుజం లాగేస్తోంది. నలభై ఏడోది పెట్టాక, మధ్యలో ఊపిరి అందలేదు. తలుపు నాలుగడుగుల దూరమే. చెయ్యి మాత్రం ముందు కాలమ్ కుళాయి కట్టెయ్యడానికి వెళ్లింది.

సాయంత్రం మేడం వచ్చేసరికి స్టూలు మీద గోడకు ఒరిగి ఉన్నాడు. మళ్లీ కునుకే అనుకుంది. "లేవండి, ఇంటికెళ్దురుగాని" అని భుజం తట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

అందరూ వచ్చి ఆయన్ని తీసుకెళ్లాక, ఏం చెయ్యాలో తోచక ఆమె ఒక్కో ట్యూబూ పరీక్షించింది. మేలుకున్నదైతే పరీక్ష మందు కలపగానే పసుపు రంగుకు తిరగాలి. ఒక్కటీ తిరగలేదు. ఆ కునుకు మాట అనకుండా ఉండాల్సిందని ఆమె ఏడ్చింది.

ఇక చివరిది మిగిలింది. సగం కూడా నిండలేదు, మూత మాత్రం బిగించి ఉంది. చీటీ మీద వంకరటింకర పెన్సిల్ గీతలు: 47. ముప్ఫై ఒక్క చుక్కలే.