తెలియదన్న తల్లి

చిట్టి ఫోను బస్సులో పోయింది. నర్సు చదువు పత్రంతో సహా ఆమె గుర్తింపంతా అందులోనే ఉంది. ఈ కాలంలో అలాంటి పత్రాలు ఏ ఆఫీసు బీరువాలోనూ ఉండవు, ఎవరివి వాళ్ల దగ్గరే. ఫోను పోతే, ముందుగా పెట్టుకున్న ముగ్గురు సాక్షులూ ‘తెలుసు’ అని నొక్కితేనే కొత్త ఫోనులో తెరుచుకుంటాయి. చిట్టికి సాక్షులు అన్న, స్నేహితురాలు, తల్లి. సోమవారం ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాలి. పత్రం చూపనిదే చేర్చుకోరు.

తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. ఫోను మోగితే చాలు, ఆమె గుండె గుభేలుమంటుంది. ఆ మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి నాలుగుసార్లు మోగింది, ఎత్తలేదు. కాసేపటికి తెర మీద చిట్టి ఫొటో, దాని కింద ప్రశ్న: ఈ మనిషి మీకు తెలుసా? ఎవడో మాయగాడు తన పిల్ల పేరు వాడుకుంటున్నాడనుకుంది. ‘తెలియదు’ నొక్కి, పిల్లను కాపాడుకున్నానని ఊపిరి పీల్చుకుంది.

ఆ కొత్త నంబరు నుంచి చేసింది చిట్టే. సాయంత్రం సంగతి తెలిసి గోడకు చేరగిలబడి కూర్చుంది. అన్న మాత్రం ఊరుకోలేదు.

“తొమ్మిది నెలలు మోసినావిడకే తెలియదట. ఇక మాకేం తెలుస్తుందిలే.”

మర్నాడు తల్లి గుర్తింపుల ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసి ఓపికగా చెప్పాడు. ఒక్క సాక్షి తెలియదన్నా ముప్ఫై రోజులు తాళం పడుతుందట. ఈ ఏర్పాటు నడిపే పాలక మండలి పెట్టిన నియమమట. తెరిచే అధికారం తమకూ లేదన్నాడు.

“భయపడి నొక్కాను బాబూ. కన్నతల్లిని. నా మాట వెనక్కి తీసుకుంటాను.”

“తీసుకోనిస్తే, రేపు ఏ దొంగో మీ మెడ మీద కత్తి పెట్టి తీయిస్తాడమ్మా. అందుకే ఆ దారి ఉంచలేదు.”

ఆమె కుర్చీలోంచి లేచింది. తనలాంటి పిరికివాళ్లే ఎవరో కూర్చుని ఆ నియమం రాసి ఉంటారు. ఆ మండలిలో తాను ఉన్నా అదే రాసేది. తిట్టుకోవడానికైనా ఎవరూ దొరకలేదు.

సోమవారం వెళ్లిపోయింది. ఆసుపత్రివాళ్లు వరుసలో తర్వాతి అమ్మాయిని పిలుచుకున్నారు. గడువు తీరాక ప్రశ్న మళ్లీ వచ్చింది, ముగ్గురూ ‘తెలుసు’ నొక్కారు. పత్రాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చూపించడానికే చోటు లేదు.

నాలుగు రోజులు తటపటాయించి, అన్నం పెడుతూ తల్లి అడిగింది. “సాక్షుల్లోంచి నన్ను తీసెయ్యవే చిట్టీ. నా వల్ల కాదు.”

“తీసేశానమ్మా. మేనత్తను పెట్టుకున్నా. ఆవిడ దేనికీ భయపడదు కదా,” అంది చిట్టి. ఆ గొంతులో కోపమేమీ లేదు.