రద్దుకు మూడు రోజులు

రెండు వేల ఏడవ సంవత్సరం, అక్టోబరు నాలుగవ తేదీ, గురువారం, సాయంత్రం అయిదున్నర. డలూత్‌లో, సరస్సు వైపు దిగే కొండవాలు మీద ఉన్న కివెలా వారి వంటింట్లో ఆ సమయానికి నలుగురు ఉన్నారు: ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసే మార్లిస్ కివెలా, ఆమె భర్త, కాగితపు మిల్లులో ఇరవై ఆరేళ్లుగా ఉన్న డువేన్, వాళ్ల చర్చికి కోశాధికారి వెర్లిన్ హాగ్స్రుడ్, బ్యాంకు తరఫున సంతకాలు చేయించడానికి వచ్చిన నోటరీ గ్లెండా రెన్నర్. బల్ల మీద నాలుగు కాఫీ కప్పులు, నిమ్మకాయ కేకు ముక్కల పళ్లెం, వాటి నడుమ జానెడు ఎత్తు కాగితాల దొంతర ఉన్నాయి.

ఇంటి మీద పాత తనఖా అప్పు తీరడానికి ఇంకా పదకొండేళ్లు పడుతుంది. దాన్ని నాలుగేళ్లలో తీర్చే ఉపాయం ఒకటి వెర్లిన్ తెచ్చాడు. అదే ఇంటిని మళ్లీ హామీగా పెట్టి, నలభై వేల డాలర్ల వరకు ఎప్పుడు కావలిస్తే అప్పుడు తీసుకుని ఎప్పుడు వీలైతే అప్పుడు కట్టగల ఖాతా తెరవాలి. అందులోంచి ఒక పెద్ద మొత్తం తీసి పాత అప్పులో జమకట్టాలి. ఆపైన మొగుడూ పెళ్లాల జీతాలు రెండూ ఆ కొత్త ఖాతాలోనే పడాలి. పచారీ సామాను నుంచి పెట్రోలు దాకా సమస్తమూ అందులోంచే తీయాలి. ఏ రోజున ఎంత ఎటు పంపాలో చెప్పే కంప్యూటరు ప్రోగ్రాము వెర్లిన్ దగ్గర దొరుకుతుంది. దాని వెల మూడు వేల అయిదు వందల డాలర్లు. అదీ ఆ ఖాతాలోంచే.

"నీ జీతం బ్యాంకులో పడుకుని గురక పెడుతోంది మార్లిస్. దాన్ని లేపి పనిలోకి పంపుదామంటున్నాను, అంతే," అన్నాడు వెర్లిన్.

"నా జీతానికి పడుకునే తీరికెక్కడిది వెర్లిన్? అది వచ్చేసరికే కరెంటు బిల్లు గుమ్మంలో నిలబడి ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆ మాటకు రావలసిన నవ్వు కంటే డువేన్ నవ్వు కాస్త ఎక్కువగా ఉందని మార్లిస్‌కు అనిపించింది.

"ఇక్కడ. ఇక్కడ. ఇక్కడ పొట్టి సంతకం," అంటూ గ్లెండా కాగితాలు తిప్పుతూ పోయింది. చివర్లో పలచని కాగితాలు నాలుగు విడిగా తీసింది. "ఇవి రద్దు నోటీసులు. మీకు రెండు కాపీలు, ఆయనకు రెండు. మనసు మారితే మూడు పనిదినాల్లోగా సంతకం చేసి బ్యాంకుకి పోస్టు చెయ్యొచ్చు. ఆఖరి తేదీ అందులోనే వేసుంది, తీరిగ్గా చదువుకోండి. నేనింకో ఇంటికి వెళ్లాలి."

పాత అప్పుకు వడ్డీ ఎన్నటికీ మారదు. ఈ కొత్తదానికి మారుతుందా అని అడగాలని మార్లిస్ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ కాఫీ పోసి ఊరుకుంది. ముప్ఫై ఏళ్లుగా పక్క బెంచీలో కూర్చుని ప్రార్థన చేసినవాణ్ణి, తన వంటింట్లో తన కాఫీ తాగుతున్నవాణ్ణి నిలదీసి అడగడమంటే ఆ ఊళ్లో వాణ్ణి అబద్ధాలకోరు అన్నంత పని. మార్లిస్ అటువంటి పని ఎన్నడూ చేయలేదు. ఆమె తల్లీ చేయలేదు. "బాగానే ఉన్నట్టుంది," అని సంతకాలన్నీ పెట్టింది.

లేవబోతూ వెర్లిన్ పళ్లెంలో మిగిలిన ఒకే ఒక్క కేకు ముక్కను తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఇది పైకి చిన్న విషయం. కాని ఆ ప్రాంతంలో పెరిగిన వాళ్లెవరూ పళ్లెంలో ఆఖరి ముక్కను పూర్తిగా తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, తరువాతివారు ఆ సగంలో సగం; చివరికి గోరంత ముక్క పళ్లెంలోనే ఎండిపోతుంది. చర్చి నేలమాళిగలో పోసే కాఫీ తాగుతూ వెర్లిన్ అలా సగాలు కోయడం మార్లిస్ వందసార్లు చూసింది. ఇవాళ అతనికి ఆ మర్యాద అక్కరలేకపోయింది. దుకాణం కట్టేశాక, గిరాకీ ముందు మర్యాద ఎవరికి కావాలి? కారు దీపాలు మలుపు తిరిగేవరకు ఆమె కిటికీ దగ్గరే నిలబడింది.

శుక్రవారమంతా మందుల విభాగంలో మాత్రలు లెక్కపెడుతూ ఆమె ఆ కాగితాల గురించే ఆలోచించింది. అయిదేసి చొప్పున ఒకసారి, మళ్లీ అయిదేసి చొప్పున రెండోసారి: మత్తుమందుల విషయంలో అది నియమం. ఆ అలవాటుతోనే వెర్లిన్ ఉపాయాన్ని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కకట్టింది. రెండుసార్లూ ఒకటే తేలింది. ఖర్చులు పోగా నెలకు ఏది మిగులుతుందో అదే అప్పును తగ్గిస్తుంది. ఆ మిగులును మామూలు చెక్కుతో పాత అప్పుకే కట్టినా ఇంచుమించు అంతే తగ్గుతుంది. ప్రోగ్రామూ వద్దు, రెండో తనఖా వద్దు. పైగా గురువారం రాత్రి కాగితాల్లో చూసినదాన్నిబట్టి కొత్త ఖాతా వడ్డీ పాతదానికంటే ఎక్కువ, అదీ నిలకడ లేనిది. ఏ నెలలో జీతం ఆగితే ఆ నెల నుంచి అది ఇంటిని కొరకడం మొదలుపెడుతుంది. పందొమ్మిదేళ్లుగా నెల తప్పకుండా కట్టుకుంటూ వచ్చిన ఇల్లు అది.

ఇంత చిన్న లెక్క డువేన్‌కు తట్టలేదా? మిల్లులో కాగితపు చుట్టల బరువులు నోటిలెక్కతో కూడగల మనిషి అతడు.

శనివారం పొద్దున్నే డువేన్ అన్నం డబ్బా పట్టుకుని ఓవర్‌టైమ్ అంటూ బయలుదేరాడు. సెప్టెంబరులో ప్రతి శనివారమూ అలాగే వెళ్లాడు. కారు కదిలాక మార్లిస్ దొంతరంతా బల్ల మీద పరచింది. బ్యాంకు అడిగిన జీతపు చీటీల నకళ్లు అందులో ఉన్నాయి. సెప్టెంబరు చీటీల్లో ఓవర్‌టైమ్ గడిలో సున్న ఉంది, రెండింటిలోనూ.

ఆమె చీటీలను మళ్లీ చూసింది. కేసినో అనుకుందామంటే అతను చర్చి లాటరీ టికెట్టు కొనడానికే గింజుకుంటాడు. ఆడమనిషి అనుకుందామంటే, అలాంటి పని మీద వెళ్లే మగవాడు మోచేతులు చిరిగిన ఊలు చొక్కా వేసుకుని, పచ్చి ఉల్లిపాయ శాండ్‌విచ్ కట్టించుకుని పోడు. నవ్వు రాబోయి ఆగింది. ఆడమనిషి కాదని తేలినంత మాత్రాన అబద్ధం అబద్ధం కాకుండా పోదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వచ్చే వారం పూలు ఎవరు తెస్తారో కనుక్కుందామని ఫోను పక్కనుండే చర్చి చిరునామాల పుస్తకం తీసింది. సభ్యులందరి ఫొటోలు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటాయి అందులో. ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ పేరు పక్కన పెన్సిలుతో పెట్టిన చిన్న గీత కనబడింది. కింద, 'నవంబరు, కాఫీ' అని రెండు మాటలు. ఆర్డిస్‌కు ఎనభై ఒక్క ఏళ్లు, ఒంటరి. పుస్తకం మొత్తం తిరగేస్తే పద్నాలుగు గీతలు లెక్కకు వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టినా పద్నాలుగే. భర్త పోయినవాళ్లు, ఇంటి అప్పు తీరిపోయినవాళ్లు, తీరబోతున్నవాళ్లు. గీత చివర కొంచెం తోక ఉంది. ఆ తోక డువేన్‌ది.

ఆమె పుస్తకాన్ని మళ్లీ ఫోను పక్కన పెట్టేసింది.

సోమవారం కొలంబస్ రోజు. బ్యాంకులకు, పోస్టాఫీసులకు సెలవు, మిల్లుకు లేదు. మూడున్నరకు వెర్లిన్ ఫోను చేశాడు.

"మార్లిస్, ఇవాళ్టితో ఆ మూడు రోజుల గొడవ వదిలిపోయింది. ఇంక మీరు దర్జాగా కూర్చోండి. బుధవారం డబ్బు ఖాతాలోకి వచ్చేస్తుంది."

"సంతోషం వెర్లిన్. మీ ఆవిడ జానిస్‌ని అడిగానని చెప్పు," అని ఫోను పెట్టేసి, ఆమె రద్దు నోటీసు తెచ్చుకుని కిటికీ వెలుతురులో చదివింది. ఆఖరి గడువు అన్న మాట ఎదుట అక్టోబరు తొమ్మిది అని స్పష్టంగా ఉంది. శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారమూ సెలవు రోజూ రావు. యజమానుల్లో ఏ ఒక్కరు సంతకం చేసినా ఇద్దరికీ రద్దవుతుంది. పోస్టు చేసిన క్షణానే పంపినట్టు లెక్క.

సాయంత్రం భోజనాల దగ్గర, డువేన్ బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుంటుండగా అడిగింది.

"ఆర్డిస్ పేరు పక్కన గీత ఎందుకు పెట్టావు?"

"ఏ గీత?"

"మిల్లులో చుట్టలు లెక్కపెట్టేటప్పుడు పెడతావే, తోక గీత. అలాంటివి పద్నాలుగున్నాయి."

డువేన్ చెంచా కింద పెట్టాడు.

"నేను పనిచేసే మూడో మిషను ఆపేస్తున్నారు. జనవరిలో."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆగస్టులో. చెబుదామనే అనుకున్నా. మొదటివారం చెప్పలేదు, రెండోవారం చెప్పలేదు, ఇంక ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు."

"మరి శనివారాలు?"

"వెర్లిన్ ఇంట్లో. అమ్మడం నేర్పిస్తున్నాడు, ఎనిమిది మందికి. అమ్మిన ఒక్కో ఇంటికి వెయ్యి డాలర్లు ఇస్తారట. కాకపోతే ముందు మనమే కొనాలి. మనింట్లో లేనిది బయట అమ్మనివ్వరు."

"అంటే నీ మొదటి గిరాకీని నేనన్నమాట."

"అలా అనకు మార్లిస్."

"ఎలా అనమంటావు? నీ జీతం ఆ ఖాతాలో పడుతుందని లెక్క రాసి చూపించారు కదా ఇద్దరూ. జనవరి నుంచి ఏం పడుతుంది అందులో, మంచా?"

"అదే చెబుతున్నా. జీతం ఉండగానే బ్యాంకువాడు ఇస్తాడు. పోయాక అడిగితే తలుపు కూడా తియ్యడు. ఆ నలభై వేలు చేతిలో ఉంటే ఒక ఏడాది ఈదొచ్చు అనుకున్నా."

వారం రోజుల్లో అతని నోట విన్న మొదటి నిజం ఇదేనని ఆమెకు తోచింది. వెంటనే, ఇదైనా నిజమేనా అన్న అనుమానమూ తోచింది.

"ఆ మాట గురువారం నాతో అనుంటే కూర్చుని ఆలోచించేదాన్ని. అప్పు తీర్చడానికన్నావు. సరే, నా సంగతి వదిలెయ్. ఆర్డిస్ ఇల్లు ఎప్పుడో తీరిపోయింది. ఆవిడకి ఏ అప్పు తీరుస్తావు?"

"తీరిపోయినవాళ్లకి ఇంకో పథకం ఉందట. వెర్లిన్ చెబుతానన్నాడు." ఆగి, చిన్న గొంతుతో, "ఆవిడ కాదనదు అన్నాడు," అన్నాడు.

"కాదనదు. కేకు కోసి పెడుతుంది, కాఫీ పోస్తుంది, సంతకం పెడుతుంది. నేనూ అదేగా చేశాను. మనవాళ్లెవరూ కాదనరు డువేన్. వెర్లిన్ అమ్ముతున్నది ఆ ప్రోగ్రామనుకున్నావా?"

ఆమె నోటీసును బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది.

"రేపు రద్దు చేస్తున్నాను."

"గడువు అయిపోయిందన్నాడే వెర్లిన్."

"ఇవాళ సెలవు, లెక్కలోకి రాదు. రేపు అర్ధరాత్రి దాకా ఉంది, చదువు. కోశాధికారికి రోజులు లెక్కపెట్టడం రాదో, నాకు రాదనుకున్నాడో."

"ఇద్దరం సంతకం పెట్టాలేమో."

"ఒక్కళ్లది చాలు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

"అడగడం లేదు. చెబుతున్నాను. నువ్వు ఆగస్టులో చెయ్యాల్సిన పని."

డువేన్ నోటీసును మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి, "ఆదివారం వెర్లిన్ మొహం ఎలా చూడను?" అన్నాడు.

"ఆర్డిస్ మొహం చూడ్డం కన్నా సులువే."

ఆమె చిరునామాల పుస్తకాన్నీ రబ్బరునూ అతని ముందు పెట్టింది. అతను పద్నాలుగు గీతలనూ ఒక్కొక్కటిగా తుడిచాడు. తుడిచాక ఆమె పుస్తకాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూసింది. గీతలు పోయాయి గాని, పెన్సిలు నొక్కిన చోటల్లా గాట్లు మిగిలే ఉన్నాయి. కావాలనుకున్నవాడు వేలితో తడిమి చదువుకోగలడు.

మంగళవారం ఉదయం డువేన్ బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. "ఇటివ్వు, మిల్లుకి వెళ్తూ దార్లో పోస్టులో వేసేస్తా. నీకు తిరుగుడెందుకు?"

ఆ చెయ్యి నిజాయితీగానే చాపాడని మార్లిస్ పదింట తొమ్మిది పాళ్లు నమ్మింది.

"ఫరవాలేదు. నాకు అటువైపు వేరే పనుంది," అంది. వేరే పని ఏదీ లేదు.

పోస్టాఫీసు తలుపులు తీసేసరికి ఆమె మెట్ల మీద ఉంది. సరస్సు మీది గాలికి కోటు కాలరు ఎత్తి పట్టుకుని లోపలికి వెళ్లి, బల్ల దగ్గర నిలబడి మొదటి కాపీ మీద సంతకం చేసింది, తేదీ వేసింది. గుమాస్తా కవరును తూచి, "రసీదు కావాలా అమ్మా?" అన్నాడు.

"కావాలి. ముద్రలో తేదీ కనబడేలా కొట్టండి."

అతను కొట్టాడు. ఆమె ఆ తేదీని అక్కడే రెండుసార్లు చదివి, కవరు అతని వెనకనున్న సంచిలో పడేదాకా చూసి గాని కదలలేదు.

ఇంటికి వచ్చి వంటింటి బల్ల దగ్గర కోటు విప్పకుండానే రెండవ కాపీ తీసి దాని మీదా సంతకం చేసింది. రసీదును లోపల పెట్టి కాగితాన్ని మూడు మడతలు వేసింది. ఇంటి కాగితాలన్నీ పందొమ్మిదేళ్లుగా ముందుగది బల్ల సొరుగులో ఉంటాయి. దాని తాళంచెవి ఎక్కడుంటుందో ఇద్దరికీ తెలుసు. మార్లిస్ ఆ గది దాటుకుని మేడ మీదికి వెళ్లింది. కుట్టుమిషను అడుగు సొరుగు లాగి, పాత నమూనా కాగితాల కింద ఆ మడతను దోపి, సొరుగు మూసింది.