కరకట్ట మీద కొలతరాయి

నేను ఒక కొలతరాయిని. నాతోపాటు క్వారీలో పుట్టిన రాయి అమ్మవారయింది, నేను గవర్నమెంటు ఉద్యోగినయ్యాను. నెత్తిన ఒక గీత, కింద సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తో ఒక అంకె చెక్కి, గుల్లపాలెం దగ్గర కరకట్ట మీద పాతారు. ఏటా తుఫాన్ల కాలానికి ముందు ఇంజనీర్లు వచ్చి, నా ఎత్తుతో కట్ట ఎత్తును సరిచూసి, ‘కట్ట భద్రం’ అని సర్టిఫికెట్ రాసి వెళ్లేవారు. నేను కదిలితే కదా తప్పు రావడానికి! అంత పొగరు నాకు.

కట్టను కాచే లస్కరు నాంచారయ్య. ఇరవై రెండేళ్లుగా ఎండ్రకాయల బొరియలు బంకమట్టితో పూడుస్తూ, గేదెల్ని అదిలిస్తూ బతికాడు. దసరాకి పారకూ గంపకూ పూజ చేసి, నాకూ పసుపు పూసేవాడు.

మొన్న కార్తీకంలో, రేపు తుఫాను తీరం దాటుతుందనగా, కొత్త ఇంజనీరు సుభాషిణి గారు ఉపగ్రహాలతో ఎత్తు కొలిచే యంత్రం తెచ్చి నా నెత్తిన పెట్టారు. రెండుసార్లు కొలిచారు.

“నాంచారయ్యా, ఈ రాయి మూడడుగులు కుంగిపోయింది.”

“అదెట్టాగమ్మా? కట్టతో సమానంగానే ఉందిగా!”

“కట్ట కూడా దీంతోపాటే కుంగింది. అందుకే ఎన్నిసార్లు కొలిచినా సరిపోయింది.”

రాతిగుండె అని మనుషులు తిట్టుకుంటారు. ఆ రాతిగుండే ఝల్లుమంది. ఇన్నేళ్లూ అరవై గడపలకు నేను చెప్పింది అబద్ధమా?

ఇళ్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి నాంచారయ్య పాలేనికి పరిగెత్తాడు. ఒక్కరూ కదల్లేదు. అతని అత్త పెద్దింట్లమ్మ ఎండుచేపలు మూట కడుతూ, “నెల కిందటేగా సర్టిఫికెట్ ఇచ్చింది? పసుపు పూసిన చేత్తోనే రాయి మీద నింద వేత్తావా అల్లుడూ?” అందట.

తిరిగొచ్చి గడ్డపార అందుకున్నాడు. ఏడుస్తూనే నన్ను పెకలించాడు. చేపల బండి మీద వేసి తోసుకెళ్లి, అత్తగారి వాకిట్లో దొర్లించాడు.

“ఇదిగో మీ ధైర్యం! ఇంక ఏం జూసుకుని కూకుంటారో కూకోండి!”

నన్ను నేలమీద పడి ఉండగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. పెద్దింట్లమ్మ చేపల మూట అక్కడే వదిలేసి మనవరాల్ని చంకనెత్తుకుంది. ఆమె కదిలితే పాలెమంతా కదిలింది. పొద్దుగూకేలోపు అందరూ తుఫాను షెల్టరు చేరారు.

మర్నాడు ఉప్పెన కట్ట మీద నుంచి మనిషి ఛాతీ ఎత్తున దూకింది. ఇళ్లన్నీ పోయాయి. మనుషులు మాత్రం అందరూ మిగిలారు.

ఇప్పుడు నేను ఆఫీసు పెరట్లో పడి ఉన్నాను. నిన్న నాంచారయ్యకు కాగితం వచ్చింది. ప్రభుత్వ రాయిని అనుమతి లేకుండా పెకలించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. మేడం గారి రిపోర్టు ఇంకా పరిశీలనలో ఉంది కాబట్టి అందాకా పాత అంకే చెల్లుతుందట. వచ్చే తనిఖీలోపు నన్ను తీసుకెళ్లి అదే చోట, అదే అంకెతో పాతాలట.

గుమాస్తా చదివి వినిపించాడు. నాంచారయ్య ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి విని, నా మీదే కూలబడ్డాడు.