పదకొండు గళ్ళు

ఏడు వేద్దామా ఎనిమిది వేద్దామా, ఏడయితే మరీ మంచిగా ఉందనిపిస్తుందేమో, ఎనిమిదయితే పదికి దగ్గర పడుతుంది, ఎవరికీ అనుమానం రాదు, బజారులో చీర బేరమాడుతున్నట్టు ఈ ఎంపికేమిటి తనకు అనుకుంది అఖిలాండం, అనుకుంటూనే టాబ్లెట్టు మీద వేలు పెట్టింది, పెట్టగానే కీబోర్డు కిందినుంచి లేచి వచ్చి సగం పట్టికను కప్పేసింది, ఇదొక పీడ, నింపవలసిన గడి ఎప్పుడూ దాని కిందే దాక్కుంటుంది, కీబోర్డు లేకపోతే రాయడానికి లేదు, ఉంటే చూడడానికి లేదు, వారం రోజులుగా తెల్లగా పడి ఉన్న పదకొండు గళ్ళు, వాటిని భోజనాలయ్యేలోపల నింపేయాలి, పెద్ద పనేమి గాదక్కా, అన్నాడు ఉదయకుమార్, మిల్లు యజమాని వెంకటరామ రాజా కొడుకు, ఆడిటర్ మేడమ్ అప్పాతో సాప్పాడుకు పోయినారు, వచ్చేదానికి ముప్పావు గంటౌతుంది, అంతలోపల మీరు నింపేసినారంటే ముగిసిపోయె, ఎవరూ లోపలికి రారు, నిదానంగా చేయండి, అని టెస్టింగ్ రూము తలుపు మూసి వెళ్ళాడు, ఏసీ చల్లదనం పోకూడదని ఆ తలుపుకు రబ్బరు కొట్టించారు, మూస్తే మగ్గాల మోత కూడా లోపలికి రాదు, ఇరవై రెండేళ్ళు ఆ మోతలో నిలబడి పని చేసిన చెవులకు ఈ నిశ్శబ్దమే పెద్ద శబ్దంగా ఉంది, తలుపుకు గడియ లేదు, తోస్తే వస్తుంది, అయినా ఆమె లేచి తోయలేదు.

నిజానికి ఎంత చిన్న పరీక్ష ఈ గళ్ళలోది, పుండ్లకు కట్టే బ్యాండేజి గుడ్డ కదా తాము నేసేది, ప్రతి లాటునుంచి ఒక ముక్క కత్తిరించి, మడిచి, బీకరులో నీళ్ళమీద మెల్లగా వదలాలి, పది సెకన్లలోపల అది నీళ్ళు తాగి మునిగిపోవాలి, మునిగిందంటే రక్తాన్నీ చీమునూ అలాగే తాగుతుంది, తేలిందంటే పత్తిలోని జిడ్డు పోలేదన్నమాట, స్టాప్ వాచీ ఇచ్చారు కానీ అఖిలాండం నోటితోనే లెక్కపెడుతుంది, ఒకటీ రెండూ మూడూ అని తెలుగులో, ఆ లెక్క వాచీతో ఎప్పుడూ తేడా రాలేదు, రానందుకు ఆమెకు లోలోపల గర్వం, ఆ గర్వం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే ఇంటికి పోయే తళవాయిపురం బస్సులో ఆడవాళ్ళు నవ్వుతారు, కిందటివారం బాయిలర్ చెడిపోయి నాలుగు రోజులు ఆవిరి సరిగా రాలేదు, గుడ్డ సగం ఉడికింది సగం ఉడకలేదు, చూడడానికి మాత్రం మల్లెపువ్వే, నీళ్ళమీద వదిలితే ఇరవై, ఇరవై అయిదు, ముప్పై, ఒక ముక్కయితే నలభై లెక్కపెట్టినా కదలకుండా పడుకుంది, మునగనంటే మునగననే మొండిపిల్లలా, ఆమె ఉదయకుమార్‌కు చెప్పింది, ఇప్పుడు వేయొద్దక్కా, ఖాళీగా వదలండి, మళ్ళా ఒక తడవ ఉడకబెట్టి తర్వాత వేద్దాము అన్నాడు, సరే అని వదిలింది, ఎవరూ మళ్ళీ ఉడకబెట్టలేదు, ఈ ఉదయం తాను వచ్చేటప్పటికే ఆ లాట్లు చుట్టలు చుట్టి అట్టపెట్టెల్లో ఉన్నాయి, గేటు దగ్గర లారీ ఉంది, టార్పాలిన్ విప్పుతున్నారు, ఆడిటర్ అభిరామి మేడమ్ ఈ పట్టిక చూసి సరే అంటే సాయంత్రానికి తూత్తుకుడి రేవు దారి పడుతుంది, పైన రాసి ఉంది లాటు నంబరు, పక్కన మునిగిన సెకన్లు, ఆ పక్కన చూసినవారు, పి. అఖిలాండం, పి. అఖిలాండం, పి. అఖిలాండం, తన పేరు మాత్రం పదకొండుసార్లూ ముందే పడి ఉంది.

ఈ కుర్చీ ఊరికే రాలేదు, మగ్గం దగ్గర నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బిపోయి, రాత్రి అయితే కాళ్ళు తలగడ మీద పెట్టుకుని ఏడ్చే రోజుల్లో ఉదయకుమార్ పిలిచి కూర్చోబెట్టిన కుర్చీ ఇది, చదివింది ఎనిమిదో తరగతి, అదీ తమిళంలో, నాకు ఇది రాదు సార్ అంటే, వస్తుందక్కా, ఎందుకు రాదు, మీరు మనోళ్ళు గదా అన్నాడు, మనోళ్ళు, ఆ మాటకు ఆమె మనసు వెన్నలా కరిగింది, మిల్లులో పని చెప్పేటప్పుడు ఆయన నోట తమిళమే, ఆలస్యంగా వస్తే తిట్టేది తమిళంలోనే, లీవు లేదనేది తమిళంలోనే, తెలుగు వచ్చిందంటే ఏదో ఉపకారం కావలసి వచ్చిందని అర్థం, అది ఇన్నాళ్ళూ తనకు తెలియకనా, తెలుసు, తెలిసీ చెవికి తీపిగా ఉండేది, వాళ్ళ కోటలెక్కడ తన పొలంగట్టు ఎక్కడ, ఇంట్లో మాట్లాడే మాట ఒకటైనంత మాత్రాన ఒకే పంక్తిలో కూర్చోబెడతారా, ఒక్కనాడైనా వాళ్ళింట్లో కూర్చుని మంచినీళ్ళు తాగిందా తాను, అయినా అక్కా అంటే చాలు, పరుగెత్తుతుంది, ఇంత వయసొచ్చీ ఎంత పిచ్చిది తాను.

పొద్దున భర్త పాండురంగన్‌తో చెప్పింది, ఇట్ల అడుగుతారేమో అని భయంగా ఉండాది అని, అతను మొక్కజొన్నకు నీళ్ళు కట్టబోతూ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వేసి పారేయ్, నీకేమి పోయె, ఊర్లో ఇన్ని మిల్లులుండాయి, నీ గుడ్డొకటేనా లోకానికి పోయేది అన్నాడు, అంటూనే ఆమె కాళ్ళవైపు చూశాడు, ఆ చూపులో ఉన్నది కోపం కాదు, మళ్ళీ మగ్గం దగ్గరికి పోయి ఆ కాళ్ళతో నిలబడతావా అన్న దిగులు, నిజమే, తన గుడ్డొకటేనా, సత్రపట్టి దారి పొడుగునా ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఎక్కడో ఎవరో ఏ పుండుకో కడతారు, వాళ్ళ ముఖం తాను చూడబోతుందా, అయితే తన తల్లి చెల్లమ్మ ముఖం చూసింది కదా, షుగరు పుండు పాదం అడుగున రూపాయి బిళ్ళంతై, అయిదు నెలలు తానే కట్లు కట్టింది, మంచి గుడ్డయితే విప్పేటప్పటికి చీము మొత్తం అందులోకి దిగి పుండు ఎర్రగా పొడిగా ఉండేది, ఒకసారి ఎక్కడో చవకగా దొరికిందని పాండురంగన్ తెచ్చిన గుడ్డ కడితే మరునాటికి గుడ్డ తెల్లగానే ఉంది, చీము మొత్తం కిందే నిలిచి పాదం మెత్తబడిపోయింది, అమ్మ పళ్ళు కరుచుకుని, ఏమే గుడ్డ నీళ్ళు తాగలేదా అని అడిగింది, పుండును గురించి అడగలేదు, గుడ్డను గురించి అడిగింది, ఆ ముసలామెకు ఏ బీకరూ లేకుండానే తెలిసింది, చాలు, ఇదంతా ఇప్పుడెందుకు, టైమెంతయింది, పన్నెండూ యాభై, ముప్పావు గంటలో పావుగంట తినేసింది ఈ ఆలోచన.

వేసేద్దాం, వేసి లేచిపోదాం, అనుకుని మొదటి గడిలో ఏడు వేసింది, వేలు రెండుసార్లు తగిలి డెబ్బై ఏడు పడింది, ఒకటి కొట్టేసింది, అన్నీ ఏడులే వేస్తే మేడమ్ నమ్మదు, నిజం పరీక్షలో అన్నీ ఒకేలా ఎక్కడ వస్తాయి, కాబట్టి కింద ఎనిమిది, ఆహా, అబద్ధానికి కూడా ఎంత పనితనం, నోట్‌బుక్కు ఉన్న రోజుల్లో అయితే పైన అంకె వేసి కింద రెండు చిన్న గీతలు గీసుకుంటూ పోతే అదే అని అర్థం, ఇక్కడ గీతలు లేవు, కానీ ఆఫీసులో కంప్యూటరు చూసే శివరంజని నేర్పించింది, ఒక గడిలో వేయండి పెద్దమ్మా, మూల పట్టుకోండి, కిందికి లాగండి, అంతా అదే వచ్చేస్తుంది అని, ఆ పిల్ల ఒక గడి అంది, తాను తెలివి ఉపయోగించి రెండూ కలిపి పట్టుకుంది, ఏడూ ఎనిమిదీ ఏడూ ఎనిమిదీ అని వస్తుందనుకుని, మూల పట్టుకుని సర్రున కిందికి లాగింది, కీబోర్డు దిగిపోయింది, పట్టిక మొత్తం కనబడింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు, ఇదేమిటిది, పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, పది దాటిన గడి ప్రతిదీ ఎర్రగా మండింది, ఏడు గళ్ళు, మెట్లెక్కినట్టు ఒకదాని కింద ఒకటి, ఎవరు చెప్పారు దీనికి లెక్కపెట్టమని, తాను లెక్కపెట్టడం మానేసింది కదా అని ఇది మొదలుపెట్టిందా, నవ్వొచ్చింది, ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది, ఎందుకంటే పక్కనే పచ్చగీత కట్టిన గడి ఒకటి ఉంది, దాని నెత్తిమీద ఉదయకుమార్ అని చిన్న అక్షరాలు, ఆయన తన ఫోన్లో ఇదే పట్టికను తెరిచి చూస్తున్నాడు, ఎప్పటినుంచి చూస్తున్నాడు, డెబ్బై ఏడు పడినప్పుడు కూడా చూశాడా.

వెనక్కి పోయే బాణం ఎక్కడుంది, పైన, కాదు, ఇది కాదు, చెమట వేలికి తెర పలకడం లేదు, చీర చెంగుతో తుడిచి మళ్ళీ నొక్కింది, గుండ్రంగా ఏదో తిరుగుతోంది, దాచుకుంటోంది, శివరంజనే చెప్పింది ఇంకొకటి కూడా, మీరు చెరిపినా ఇది మరవదు పెద్దమ్మా, ఎవరు ఎప్పుడు ఏమి వేసినారో అంతా లోపల ఉంటుంది అని, అప్పుడు అది గొప్పగా అనిపించింది, ఇప్పుడు ఒళ్ళు చల్లబడింది, వేసింది ఉంటుంది, చెరిపింది ఉంటుంది, చెరిపి మళ్ళీ వేసిందీ ఉంటుంది, ఇంక ఇందులోనుంచి బయటికి పోయే దారే లేదు, పచ్చగడి కదిలింది, పైకి పోయి తేదీ దగ్గర ఒక చుక్క సరిచేసింది, కొన్నవాళ్ళ పేరులో తప్పు దిద్దింది, మగ్గం నంబరు మార్చింది, చకచకా, ఎంత హాయిగా తిరుగుతోందో చూడు సొంత పొలంలో తిరిగినట్టు, ఫోను మోగింది, ఆయనే, ఈసారి తమిళం, ఏమమ్మా ఇది, అంతా ఎర్రగా వస్తోంది, చూసి చేయకూడదా, అక్క పోయి అమ్మ వచ్చింది, ఆమె తెలుగులోనే అంది, నాకు వేలు పడలేదు సార్, మీ ఫోన్లోనే తెరిచి ఉండాది గదా, మీరే రెండు తట్లు తట్టి మార్చేయండి, ఒక నిమిషంలో అయిపోతుంది, మనస్ఫూర్తిగానే అంది, ఇందులో ఎత్తుపొడుపేమీ లేదు, అవతలినుంచి మెల్లగా తెలుగు తిరిగి వచ్చింది, అయ్యో అదెట్ల అక్కా, అది మీ కాలమ్ గదా, దాంట్లో నేను చెయ్యి పెట్టకూడదు, మీరే వేయవలె, వేయండి, మేడమ్ కారు వస్తా ఉండాది.

ఫోను పెట్టేసి ఆమె పట్టికను చూస్తూ ఉండిపోయింది, పచ్చగడి ఇప్పుడు సెకన్ల గళ్ళ పక్కనే ఆగి ఉంది, ఒక్క గడి ఎడంగా, ఇందాకటినుంచి ఈ పట్టికలో అది తిరగని చోటు లేదు, ఆ పదకొండు గళ్ళు తప్ప, చదువుకున్నవాడు, కోయంబత్తూరులో ఇంజనీరింగు చేసినవాడు, పదకొండు అంకెలు వేయడానికి ఆయనకు అరనిమిషం చాలు, తడబడని వేళ్ళు, ఎర్రబడని అంకెలు, అయినా ఎనిమిదో తరగతి ఆడదాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి బతిమాలుతున్నాడు, ఎందుకని, ఎందుకంటే అంకెలకు కరువేముంది, అంకెలు ఆయన దగ్గరా ఉన్నాయి, శివరంజని దగ్గరా ఉన్నాయి, లేనిది అఖిలాండం చూసింది అన్న మాట ఒక్కటే, అది ఆయన కొనలేడు, వేయలేడు, ఆయన వేస్తే ఆ పట్టికే ఆయన పేరు చెబుతుంది, ఈ కుర్చీ ఆ రోజు తన కాళ్ళను చూసి ఇచ్చింది కాదు, కాదనలేని మనిషని చూసి ఇచ్చింది, ఆ సంగతి తెలిసి కోపం వస్తుందనుకుంది, ఏడుపు వచ్చింది, ఆ రోజు ఎంత సంతోషపడింది తాను, ఇంటికి పోయి పాండురంగన్‌కు పాయసం చేసి పెట్టింది, సోమవారం నుంచి ఇక్కడ ఎవరు కూర్చుంటారో, తాను ఏ మగ్గం దగ్గర నిలబడుతుందో, అసలు గేటులోపలికి రానిస్తారో లేదో, అవన్నీ ఆయన చేతిలోవి, ఇది మాత్రం ఇన్ని గళ్ళ మధ్య ఆయన చెయ్యి పెట్టలేని ఒకే ఒక్క చోటు, ఇది తనది, ఏ లాటు ఎంతసేపు తేలిందో తనకు నోటికి వచ్చు, కళ్ళు తుడుచుకుని మొదటి గడిని నొక్కింది, ఏడు చెరిపి ఇరవై ఆరు వేసింది, దాని కింద ముప్పై ఒకటి, దాని కింద నలభై, గడి తర్వాత గడి ఎర్రబడుతూ వచ్చింది, పక్కన తన పేరును ఆమె చెరపలేదు.