ముందడిగిన ప్రశ్న

బావగారిని ఆసుపత్రి నుంచి తెచ్చినప్పటి నుంచి, చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆయన గుండెనిబ్బరాన్ని మెచ్చుకోవడమే పనిగా పెట్టుకున్నారు. చావుకు కూడా జంకని మనిషండీ అని ఒకరు, మనమైతే అలా తేల్చి చెప్పగలమా అని ఇంకొకరు. తలా ఒక మాట అనేసి, టీ తాగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ పొగడ్త విన్న ప్రతిసారీ మా అక్క ముఖం ఎలా మాడిపోతోందో ఒక్కరికీ కనబడేది కాదు.

బావగారు కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పేవారు. నాకు కూడా ఆయనే చెప్పారు. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో నేను ల్యాబ్ చూస్తున్నాను. ఆయన పాఠం మొదలుపెడితే కంప్యూటర్ జోలికే వెళ్ళేవారు కాదు. ఇద్దరు పిల్లల్ని వరండాకి ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని నిలబెట్టి, మధ్యలో ఇంకొకడి చేత ప్రశ్నలూ జవాబులూ రాసిన చీటీలు మోయించేవారు. మోసేవాడు కొన్నిటిని చెత్తబుట్టలో పడేయాలి, కొన్నిటిని జేబులో పెట్టుకుని ఆలస్యంగా ఇవ్వాలి. కాసేపటికి ఇటువైపు వాడికి ఏ జవాబు ఏ ప్రశ్నదో తెలియక బుర్ర గోక్కునేవాడు. అప్పుడు ఆయన నవ్వి, "చీటీ మీద నంబరు వెయ్యరా నాయనా" అనేవారు. అంతే, ఆ పాఠం ఇక జన్మలో మర్చిపోలేం.

అలాంటి మనిషి ఒక ఉదయం బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలిపోయారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయింది. వినబడుతుంది, అన్నీ అర్థమవుతాయి, కానీ కాలూ చెయ్యీ మాటా ఏదీ లేదు. కనురెప్పలు మాత్రం మిగిలాయి.

ఆ రెప్పలతో ఆయన చేత మాట్లాడించే పద్ధతి ఆలోచించింది తొందర మాస్టారు. ఆ పేరు పిల్లలు పెట్టింది. బావగారి దగ్గరే చదువుకుని, ఆయన పక్క గదిలోనే పాఠాలు చెబుతున్నాడు. హాజరు పిలిచేటప్పుడు పిల్లలు పలికేలోపే తర్వాతి పేరుకు వెళ్ళిపోతాడు, అడిగితే "ఆలస్యం అమృతం విషం" అంటాడు. మనసు మాత్రం మంచిది. బావగారు పడిపోయాక కన్నకొడుకులా ఆసుపత్రి పట్టుకుని తిరిగాడు.

పద్ధతి తేలికే. ప్రశ్న అడగాలి. అవునంటే బావగారు కళ్ళు గట్టిగా మూస్తారు. కాదనడానికి వేరే సైగ పెడితే మనిషి అలిసిపోతారు కాబట్టి, పది అంకెలు లెక్కపెట్టేలోపు మూయకపోతే కాదన్నట్టే. మా పాఠాల్లో ఇది మామూలు సంగతి. పంపినదానికి అందినట్టు కబురు రావాలి, దానికి ఒక గడువు పెట్టుకోవాలి, గడువు దాటితే ఇక రాదనుకుని ముందుకు సాగాలి. మాస్టారు ఉదయం పూట పరీక్ష కూడా చేశాడు. "ఈవిడ మీ భార్యేనా సార్?" అంటే చటుక్కున మూశారు. "మీరు వకీలా?" అంటే మూయలేదు. అక్క ఆనందం పట్టలేక ఏడ్చేసింది. అంత చురుగ్గా జవాబిచ్చే మనిషికి పది అంకెలు ధారాళం అనిపించింది.

తర్వాత డాక్టరు అసలు విషయం చెప్పాడు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చితే ఊపిరి నిలుస్తుంది, ఇలాగే మంచం మీద కొన్నేళ్ళు బతకవచ్చు. వద్దనుకుంటే ఇంటికి తీసుకువెళ్ళండి, ఎంతకాలమో చెప్పలేను అన్నాడు. తెలివిలో ఉన్న మనిషిని అడగకుండా ఏదీ చేయకూడదని కూడా అన్నాడు. అక్క ఒకటే మాట చెప్పింది, ఆయన ఎలా అంటే అలాగేనని. నేను ఆ మధ్యాహ్నం కాలేజీలో ల్యాబ్ పరీక్ష పెడుతున్నాను. నేను వెళ్ళేసరికి అంతా తేలిపోయింది. ఆయన ఆపరేషన్ వద్దన్నారు, ఇంటికి పోదామన్నారు.

ఇంటికి వచ్చాక అక్క సేవకు వంక పెట్టడానికి లేదు. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, వీపు పుండ్లు పడకుండా ఒత్తిగిల్లించేది. ముఖంలోకి మాత్రం చూసేది కాదు. ఒకరోజు వంటింట్లో గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయింది.

"ఒక్క రెప్ప వాలిస్తే నా దగ్గర ఉండేవారే. అది కూడా వాల్చలేదు. అంత విసుగొచ్చేసిందా నేనంటే?"

"అదేం మాట అక్కా! నీకు కష్టమని వద్దనుంటారు."

"నా కష్టం నన్ను అడగాలి కదే. నేను ఎదురుగానే నిలబడ్డాను. నన్ను చూస్తూనే వద్దన్నారు."

నేను ఇంకేం చెప్పినా అది పుండు మీద కారమే అయ్యేది.

ఆ మర్నాడు మబ్బు పట్టి గాలి చల్లగా వీస్తోంది. అక్క మంచం పక్కన దిళ్ళు సర్దుతూ, "చలేస్తోందా?" అని అడిగింది. పది లెక్కపెట్టింది. జవాబు లేదు. "అయితే ఉక్కగా ఉందా, ఫ్యాను వెయ్యనా?" అంది. ఆయన వెంటనే కళ్ళు మూశారు. అక్క ఫ్యాను వేసి, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది.

నేను దుప్పటి సర్దుదామని దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒళ్ళంతా కోడి చర్మంలా బుడిపెలు తేలాయి. చలికి వణకడానికి కూడా చేతకాని మనిషికి ఫ్యాను వేసి వెళ్ళింది మా అక్క, ఆయనే అడిగారనుకుని.

ఫ్యాను ఆపేసి ఆయన ముందు కూర్చున్నాను. "చలేస్తోందా బావగారూ?" అని అడిగి నోరు మూసుకున్నాను. పది దాటింది, ఇరవై దాటింది. పెరట్లో అక్క బట్టలు జాడించే చప్పుడు వినబడుతోంది. ఇక రాదులే అనుకుని లేవబోతుంటే, ఆయన కళ్ళు మూశారు.

అక్క మొదటిసారి అడిగిన చలి ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు, రెండో ప్రశ్న అడిగాక వచ్చి చేరింది. మరి ఆసుపత్రిలో?

వరండాలోకి వెళ్ళి తొందర మాస్టారికి ఫోన్ చేశాను.

"ఆ రోజు బావగారిని ముందు ఏం అడిగారు?"

"ఆపరేషన్ చేయించమంటారా అని అడిగాను మేడమ్. రెండుసార్లు అడిగాను కూడా. రాలేదు. అప్పుడు ఇంటికి వెళ్ళిపోదామా సార్ అన్నాను. మూశారు."

"ఎంతసేపటికి మూశారు?"

"వెంటనే. నేను ఇంకా పూర్తిగా అడగనే లేదు..."

మాట మధ్యలో ఆగిపోయాడు. బావగారు మాకు చెప్పిన పాఠమే అది. అడగడం పూర్తికాని ప్రశ్నకు జవాబు ఎక్కడైనా వస్తుందా?

"ఆ పూట ఆయనకేమైనా మందు ఇచ్చారా?" అన్నాను.

"మధ్యాహ్నం నర్సు మత్తు సూది వేసింది. నిద్ర పట్టడం లేదని. ఇంటికి రాసిచ్చింది కూడా అదే మందు. మేడమ్, పొద్దుటి లెక్కనే మత్తు ఎక్కాక కూడా వాడాను. ఆ మొదటి ప్రశ్నకే మూశారేమో."

ఎంత తిట్టాలనిపించిందో చెప్పలేను. వరండాలో చీటీలు మోసిన మనిషి, నంబరు లేని చీటీతో ఒక ప్రాణాన్ని తేల్చేశాడు. కానీ అవతల నుంచి ఏడుపు వినబడుతోంది. ఫోన్ పెట్టేశాను.

బావగారిని మళ్ళీ అడగకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. వద్దన్నారనే బాధ అక్కకు ఎలాగూ అలవాటవుతోంది. కావాలన్న మనిషిని మనమే ఇంటికి తెచ్చి పడుకోబెట్టామంటే తట్టుకుంటుందా? కానీ మంచం మీద ఉన్నది ఆయన. బతకాలని చెప్పి, ఎవరూ వినలేదని తెలిసి, వచ్చిపోయే జనం తన ధైర్యాన్ని పొగుడుతుంటే కదలకుండా వింటున్నది ఆయన.

లోపలికి వెళ్ళి ఆయన కళ్ళలోకి చూస్తూ అడిగాను. "బావగారూ, ఇది ఒక్కటే ప్రశ్న. దీని తర్వాత ఇంకేమీ అడగను, ఎంతసేపైనా సరే. మీకు ఆపరేషన్ కావాలా?"

లెక్కపెట్టడం మానేశాను. అక్క ఖాళీ బకెట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చెయ్యెత్తి మాట్లాడవద్దన్నాను. ఆయన కళ్ళు నా మీద నుంచి అక్క మీదకు వెళ్ళి అక్కడే ఆగాయి. చాలాసేపటికి మూసుకున్నాయి. మళ్ళీ తెరిచినప్పుడు నీళ్ళు చెంప మీదుగా చెవిలోకి కారాయి.

"ఏం అడిగావే?" అంది అక్క. చెప్పాను. అంతా చెప్పాను. బకెట్టు వదిలేసి వచ్చి, ఆయన ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నా దగ్గర ఉంటానన్నారా? అప్పుడే అన్నారా?"

ఆంబులెన్సులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరు ఛాతీ ఫోటో తీసి తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గొంతులోని నీరు ఊపిరితిత్తుల్లోకి దిగి చీము పట్టిందట. ఇప్పుడు కోత పెడితే బల్ల మీదే పోతారు. "ఆ రోజే ఒప్పుకుని ఉండాల్సిందండీ" అన్నాడు. తెలియక అన్నాడు పాపం. గోడ పక్కన నిలబడ్డ తొందర మాస్టారు అక్కడే చతికిలబడ్డాడు.

అక్క మాత్రం ఆయన పక్కన కూర్చుని తెరిపి లేకుండా మాట్లాడింది. ఇన్నాళ్ళూ ముఖం చూడనిదంతా ఒక్కసారే చూస్తున్నట్టు చూసింది. మేమెవరం దగ్గరకు వెళ్ళలేదు. సాయంత్రమయ్యేసరికి ఆయన ఊపిరి అంతకంతకూ చిన్నదైంది. అక్క వంగి, "నా మీద కోపం లేదు కదూ?" అని అడిగింది.

యంత్రంలో గీత తిన్నగా సాగిపోయింది. నర్సు వచ్చి మీట నొక్కి చప్పుడు ఆపింది. బావగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె మెల్లగా వంగి రెప్పలు మూయబోతే, అక్క ఆ చేతిని పట్టుకుంది.

"ముట్టుకోకమ్మా. ఆయనే మూస్తారు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

నర్సు నా వైపు చూసింది. ఆగమన్నాను.