బొట్టు పెట్టిన తెర

ఆడవాళ్లు ఒకేసారి పది పనులు చక్కబెట్టగలరని లోకంలో ఒక నమ్మకం ఉంది. అది ప్రశంస రూపంలో ఉంటుంది కనుక ఎవరూ రుజువు అడగరు. పొగిడే మనిషిని సాక్ష్యం కోరడం మర్యాద కాదని ఆడవాళ్లూ ఊరుకుంటారు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏ మాటనైనా కొలిచి చూడనిదే ఒప్పుకోవద్దని ఎన్నో తరగతుల పిల్లలకు నూరిపోశాను. ఈ ఒక్క మాటను మాత్రం కొలవలేదు. కొలవడానికి చేతులు ఖాళీగా ఉండాలి. నా చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

ఆ రోజు చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. ఎదురుగా లాప్‌టాప్ తెరిచి ఉంది. హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థ పిల్లల సైన్సు పుస్తకాలను తెలుగులోకి తెస్తోంది. అనువాదాన్ని మూలంతో పోల్చి తప్పులు పట్టడం నా పని. జగిత్యాలలో డీటీపీ సెంటరు నడిపే రజిత ఇప్పించింది. నా దగ్గర చదువుకున్న అమ్మాయే. రిటైరైన తర్వాత నా తలను ఎవరైనా వాడుకోవడం అదే మొదలు. అయితే ఉన్న తెర ఒకటే. మూలం చూస్తే అనువాదం మాయమవుతుంది, అనువాదం చూస్తే మూలం మాయమవుతుంది. ఒక వాక్యాన్ని మనసులో పట్టుకొని రెండోదాని దగ్గరికి వెళ్లేలోపు కుక్కర్ కూత వేసేది, ఆ వాక్యం జారిపోయేది.

"మేడం, మీకు రెండో స్క్రీన్ కావాలె," అంది రజిత ఫోన్లో. "మడిచి సంచిల పెట్టుకునేటియి అస్తున్నయ్ ఇప్పుడు. మీ ఇంట్ల మీకు మేజ లేదు గదా."

నాకంటూ ఒక బల్ల లేదన్న సంగతి ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. నా వీడియో కాల్స్ వెనక మారే గోడలను బట్టి ఆమే తేల్చుకున్నట్టుంది. పొద్దున వంటగది గట్టు, తర్వాత భోజనాల బల్ల. వడ్డన వేళకు దాన్నీ ఖాళీ చేయాలి. మధ్యాహ్నం మా ఆయన ప్రభాకర్ పడుకుంటాడు కనుక పడకగది దొరకదు.

ఆ మాట రాత్రి భోజనం దగ్గర ఎత్తాను. ప్రభాకర్ నవ్వాడు. "ఒక్క తెర సాల్తలేదా? మా బాపు ఒక్కడే ఎనిమిది సాంచాలు నడిపిండు. ఎనిమిది కండ్లు అడిగిండా ఎన్నడన్న?"

సాంచాలంటే మరమగ్గాలు. మా ఇంటి వెనక రేకుల కార్ఖానాలో ఇప్పటికీ ఎనిమిది ఉన్నాయి. నడిపే కొమురెల్లి నిరుడు పనికి మహారాష్ట్రలోని భీవండి వెళ్లిపోయాక ప్రభాకరే చూసుకుంటున్నాడు. మామగారి ఎనిమిది సాంచాల కథ ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ వింటున్నాను. కొలవని సంగతుల్లో అదొకటి.

తెర కొనడానికి జగిత్యాల వెళ్లాను. రజిత వెంట వచ్చింది. ముందే నా లాప్‌టాప్ తిప్పి చూసి, దాని టైప్-సి రంధ్రం చార్జింగ్‌కే తప్ప బొమ్మను పంపదని, ఒకే తీగతో నడిచే రకం నాకు పనికిరాదని చెప్పింది. కొట్టువాడు ఒకటి నిలబెట్టి అందులో సినిమా పాట పెట్టాడు. "సూడున్రి మేడం, కలర్ ఎట్ల కొడ్తుందో!"

"నాకు రంగులు వద్దు. ఒత్తులు కనపడాలె," అని నా పెన్‌డ్రైవ్ ఇచ్చి ఒక పేజీ తెరవమన్నాను. మొదటి తెరలో 'ష్ట'కూ 'ష్ఠ'కూ తేడా తెలియలేదు. రెండోది అద్దంలా మెరిసింది. అందులో అక్షరాల కన్నా కొట్లోని ట్యూబులైటే స్పష్టంగా కనిపించింది. మూడోది పెద్దది, చదవడానికి హాయిగా ఉంది, కానీ మా ఇంట్లో గది నుంచి గదికి దాన్ని మోయలేను. నాలుగోది పద్నాలుగంగుళాలది. మెరుపు లేని తెర. వెనక అట్ట మడిస్తే అదే నిలబడే కాలు. ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు దేనికవి కనపడ్డాయి.

"ఇన్నేండ్ల సర్వీసుల ఇసొంటి గిరాకీ రాలె," అన్నాడు కొట్టువాడు.

"మా మేడం గంతే. మా రికార్డు బుక్కులు సుత గిట్లనే సూసేది," అంది రజిత.

ఇంటికి రాగానే మా అత్త రాజక్క పసుపు కుంకుమ తెచ్చింది. ఈ ఇంట్లోకి ఏ యంత్రం వచ్చినా బొట్టు పెట్టాలి. సాంచాలకు, మోటార్లకు, చివరికి స్కూటర్‌కు కూడా పెట్టారు. నా లాప్‌టాప్‌కు మాత్రం ఎవరూ పెట్టలేదు, నేనూ అడగలేదు. బొట్టుతో యంత్రం ఆయుష్షు పెరగదని నాకు తెలుసు. కానీ నా పనిముట్టును ఆ ఇంట్లో ఒక పనిముట్టుగా గుర్తించడం అదే మొదటిసారి. అద్దం మీద వద్దని, అట్ట మీద పెట్టమని చెయ్యి పట్టి చూపించాను. అత్తకు చెవులు పూర్తిగా పోయాయి. ఈ ఇంట్లో ఆమెతో ఏం చెప్పాలన్నా చేత్తోనో పెదవుల కదలికతోనో చెప్పాలి.

తర్వాత కొద్ది రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఎడమ పక్క మూలం, కుడి పక్క అనువాదం. రెండు వాక్యాలు ఎదురెదురుగా నిలబడేవి. తప్పు ఉన్నచోట నా ప్రయత్నం లేకుండానే కన్ను ఆగేది. ప్రచురణ సంస్థ ఎడిటరు నా పని చూసి, పదో తరగతి స్థాయి పుస్తకం మొత్తం నాకే ఇస్తానన్నారు.

ఒక ఉదయం స్నానం చేసి వచ్చేసరికి కుడి తెర మీద మా కార్ఖానా కనిపించింది. ఎనిమిది సాంచాలు చిన్న చిన్న గళ్లలో ఆడుతున్నాయి. ప్రభాకర్ సీసీ కెమెరాలను లాప్‌టాప్‌కు కలిపించాడు.

"ఇది నా తెర," అన్నాను.

"బొట్టు పెట్టినంక కార్ఖాన సామానే గదా," అన్నాడు, అందులో వాదన ఏమీ లేనట్టు. నిజానికి ఆ ఇంటి లెక్కలో వాదన లేదు. బొట్టు పెట్టినవన్నీ కార్ఖానావే. "నువ్వు ఎట్లైన ఇంట్లనే కూసుంటవ్. ఒక కన్ను గీ దిక్కు, ఒక కన్ను గా దిక్కు. ఆడోళ్లకు గిది కొత్తనా? ఏదన్న ఆగితె ఫోన్ కొట్టు."

పేక దారం తెగితే సాంచా తనంతట తానే ఆగిపోతుంది. ఎవరో ఒకరు వెళ్లి దారం సరిచేసి నడిపించే దాకా అది ఆగే ఉంటుంది. ఎవరూ గమనించకపోతే నష్టం. చూడటం ప్రభాకర్ పని. ఆ తెర నా ముందు పెట్టాక, కెమెరా మూల గడిలో అతని కుర్చీ ఖాళీగా కనిపించసాగింది. నేను ఫోన్ చేస్తే చాయ్ హోటల్ చప్పుళ్ల మధ్య నుంచి "ఆఁ, అస్తున్న" అనేవాడు. వచ్చి దారం ముడేసి, కెమెరా వైపు చెయ్యి ఊపి, మళ్లీ వెళ్లిపోయేవాడు.

నేను ఎందుకు ఒప్పుకున్నానని అడగవచ్చు. ఒప్పుకున్నానని అనుకోలేదు. ఆ రోజుకు ఊరుకున్నాను, మర్నాడూ ఊరుకున్నాను. లోపల ఎక్కడో ఆ పాత ప్రశంస పని చేస్తూనే ఉంది. నేను చేయగలను, ముప్ఫై మంది అల్లరి మధ్య కటక సూత్రం బోధించిన దాన్ని, ఎనిమిది గళ్లు ఒక లెక్కా అనుకున్నాను. మళ్లీ ఒకే తెరలో మూలమూ అనువాదమూ మార్చి మార్చి చూడటం మొదలైంది. కుడి కంటి అంచున ఎప్పుడూ ఏదో ఆడుతూ ఉండేది. ఆడటం ఆగిందంటే ఫోన్ అందుకునేదాన్ని.

ఎడిటరు నుంచి ఉత్తరం వచ్చింది. కాంతి పాఠంలో 'పతన కోణం వక్రీభవన కోణానికి సమానం' అన్న వాక్యాన్ని నేను సరైనదని వదిలేశాను. అది పరావర్తన కోణం కావాలి. బోర్డు మీద ఏటా గీసిన బొమ్మ, నిద్రలో అడిగినా చెప్పగల సూత్రం. ఆ వాక్యం దగ్గర ఏం జరిగిందో నాకు తెలుసు. ఐదో సాంచా ఆగింది. ఫోన్ చేసి వచ్చి, వదిలిన చోటు కన్నా ఒక వాక్యం కిందనుంచి మొదలుపెట్టాను. ఇంకొక్క అధ్యాయం పంపుతామని, అది కూడా ఇలాగే ఉంటే పుస్తకం మరొకరికి ఇస్తామని ఎంతో మర్యాదగా రాశారు.

ప్రభాకర్‌కు చదివి వినిపించాను. "ఒక్క మాటకేనా? పిలగాండ్లు సారును అడిగి దిద్దుకుంటరు తియ్," అన్నాడు.

మధ్యాహ్నం అత్త నా పక్కకు వచ్చి కూర్చుంది. కుడి తెరలోని కార్ఖానాను చాలాసేపు చూసింది. చెవులు లేని మనిషి కనుక పెద్దగా మాట్లాడుతుంది.

"ఎనిమిది సాంచాలు నడిపిండట మీ మామ! నాలుగు ఆయన సూసిండు. కడమ నాలుగు నా చెవులు సూసినయ్. వంటింట్ల రొట్టె కొట్టుకుంట ఇంటుండేదాన్ని. సప్పుడు మారితె ఏది ఆగిందో ఎరుకయ్యేది. ఆయన హోటల్ కాడ ఉంటె నేనే పోయి ముడేసేదాన్ని." ఆగి తెర వైపు గడ్డం ఊపింది. "నా చెవులు పోయినంక గదా పిల్లా, నీ మొగడు గీ కెమెరాలు పెట్టిచ్చిండు."

సాయంత్రం రజితకు ఫోన్ చేశాను.

"మా సెంటర్ల కిటికీ కాడి మేజ ఖాళీగనే ఉంది మేడం," అంది. "కిరాయి గిరాయి అనకున్రి మల్ల."

మర్నాడు కెమెరా తీగను విడదీశాను. లాప్‌టాప్‌ను, తెరను సంచిలో పెడుతుంటే అత్త గడపలో నిలబడింది. ఎక్కడికని చేత్తో అడిగింది. "జగిత్యాల," అని పెదవులు కదిపాను. పనికా అని రెండు వేళ్లతో రాస్తున్నట్టు చూపింది. తల ఊపాను. దగ్గరికి వచ్చి తెర అట్టను చేతిలోకి తీసుకుంది. కొంగు చివర నాలికతో తడి చేసి బొట్టు మీద రుద్దింది. కుంకుమ పోయింది. పసుపు మరక మిగిలింది. దాన్ని మళ్లీ రుద్దింది. పోలేదు. అలాగే నా చేతికిచ్చింది.

బస్సు వేములవాడ దాటుతుండగా ప్రభాకర్ ఫోన్ చేశాడు. వెనక హోటల్ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"సుమిత్రా, గంట సంది ఫోన్ కొడ్తలెవు. అన్ని నడుస్తున్నయా?"

"నాకు తెల్వది," అన్నాను.

అధ్యాయం ఆ సాయంత్రానికి పూర్తయింది. హైదరాబాదు వాళ్లు చూసి తప్పులు లేవని రాశారు. ఐదో సాంచా ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆగే ఉందట.