మూడో దెబ్బ

ఆ వడ్రంగి మేకు కొడితే మూడే దెబ్బలు. రెండు గట్టివి, మేకు దిగడానికి. మూడోది మెల్లగా, దాని తల చెక్కలో సర్దుకోవడానికి. పద్దెనిమిదేళ్లుగా వెనకగదిలో కుర్చీకాళ్లకు గరుకు కాగితం రుద్దుతూ అతని భార్య ఈ చప్పుడే వింటోంది. ఏ దెబ్బ ఎంత గట్టిదో చూడకుండానే చెప్పేయగలదు. ఈ విద్య ఇలా మెడకు చుట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

పక్క కొట్టు తాళాలవాడికి ఆ చప్పుడంటే ఒళ్లుమంట. ఒక మధ్యాహ్నం తిట్టుకుంటూ లోపలికొచ్చి, బల్ల మీది ఉలి లాక్కుని వడ్రంగి మీద పడ్డాడు. వడ్రంగి చేతిలో సుత్తి ఉంది. మూడు దెబ్బలు పడ్డాయి. తాళాలవాడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

"మొదటి రెండింటికీ ఢోకా లేదమ్మా," అన్నాడు ప్లీడరు. "ప్రాణం మీదికొస్తే కొట్టొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. మూడోది మాత్రం వాడు పడ్డాక కొట్టింది. ఎదురు కొట్టువాళ్లు చూశారు. పడ్డవాణ్ణి కొడితే ఆత్మరక్షణ అనరు. పుర్రె ఏ దెబ్బకు పగిలిందో డాక్టరు తేల్చలేకపోయాడు. మూడోది చేతి అలవాటు కొద్దీ మెల్లగా పడిందని మీరు చెబితే గట్టెక్కుతాం. లేదంటే ఏళ్ల తరబడి జైలే."

నిజంగా మెల్లగా పడిందా అని మాత్రం ఆ మహానుభావుడు అడగలేదు. అడిగి ఇరుక్కోవడానికి ఆయనేం పిచ్చివాడా?

మెల్లగా పడలేదు. ఆ దెబ్బకు వెనకగదిలో మేకుల డబ్బా అదిరింది. అంత గట్టి దెబ్బ ఆవిడ ఎన్నడూ వినలేదు.

కోర్టులో ప్రభుత్వ వకీలు సూటిగా అడిగాడు. "ఆ రోజు మూడో దెబ్బ ఎలా వినిపించింది?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. అతను చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఎప్పట్లాగే. మెల్లగా," అంది. గొంతు వణకలేదు. వణకనందుకు ఆవిడకే సిగ్గేసింది.

అతన్ని వదిలేశారు. మర్నాడు పొద్దున అతను ఒక స్టూలు ముందేసుకున్నాడు. టక్, టక్. వెనకగదిలో ఆవిడ చెయ్యి ఆగింది. మూడోది పడలేదు. తర్వాతి మేకుకీ అంతే.

వారం తిరక్కుండానే ఆ స్టూలు వెనక్కొచ్చింది. కొన్న మనిషి చిరిగిన బట్ట చూపించి, "మేకులు పైకే ఉన్నాయి, ఇదేం పనయ్యా?" అని దులిపేసి పోయాడు.

వడ్రంగి సుత్తి ఎత్తాడు. కాసేపు అలాగే పట్టుకుని దించేశాడు.

"నా వల్ల కావట్లేదే," అన్నాడు.

ఆవిడ అతని చేతిలోంచి సుత్తి తీసుకుంది. ఒక్కో మేకు తల మీదా మెల్లగా ఒక్కటి వేసింది. అప్పట్నుంచీ ఆ కొట్టులో మూడో దెబ్బ ఆవిడదే.